మశూచికి లెక్క కట్టిన వైద్యుడు

నా ఎడమ చేతిమీద, భుజానికి కాస్త కింద, అర్ధరూపాయి బిళ్ళంత గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. ఎండాకాలం పొట్టిచేతుల చొక్కా వేసుకుని తరగతికి వెళితే ముందు బెంచీ పిల్లలెవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: “మాస్టారూ, అది ఏం మచ్చ?” అని. మీ చేతిమీద కూడా ఒక చిన్న మచ్చ ఉండవచ్చు. అది క్షయ రాకుండా వేసిన బి.సి.జి. టీకా గుర్తు. నాది అది కాదు, మశూచి టీకా గుర్తు. 1970 దశకం చివరలో మన దేశంలో ఆ టీకా వేయడం మానేశారు. అందువల్ల మీకు గానీ మీ అన్నలకూ అక్కలకూ గానీ ఆ మచ్చ ఉండదు.

టీకా మానేయడానికి కారణం మందు దొరకక కాదు, వేయడానికి మనుషులు లేకా కాదు. వేయవలసిన అవసరమే లేకుండా పోయింది. మశూచి అనే జబ్బు భూమిమీద ఎక్కడా మిగలలేదు.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఎడ్వర్డ్ జెన్నర్‌తో మొదలుపెడతారు. ఆయన 1796లో ఆవు మశూచి రసంతో టీకా వేసిన సంగతి మీ పాఠంలో ఉంది. కాని జబ్బును తరిమికొట్టడానికి టీకా ఒక్కటే చాలదు. జబ్బు ఎక్కడ ఉన్నదో, ఎవరికి ఉన్నదో, ఎవరినుంచి ఎవరికి పాకుతున్నదో తెలియాలి. అంటే లెక్క కావాలి. టీకా పుట్టకముందే ఆ లెక్క మొదలుపెట్టిన వైద్యుడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు జాన్ హేగార్త్. ఆయన ఊరు ఇంగ్లండులోని చెస్టర్.

కోట, పేట

చెస్టర్ పట్టణం ఇంగ్లండుకు వాయవ్యాన, వేల్సు సరిహద్దుకు దగ్గరగా, డీ నది ఒడ్డున ఉంది. రోమనులు కట్టిన సైనిక స్థావరం చుట్టూ పెరిగిన ఊరది. దాని చుట్టూ ఉన్న రాతి గోడ ఈనాటికీ చాలావరకు నిలిచే ఉంది. మన ప్రాంతంలో కోట లోపల ఒక ఊరు, కోట బయట పేట ఒకటి ఉన్నట్లే అక్కడ కూడా గోడ లోపల పట్టణం, గోడ బయట శివారు పేటలు ఉండేవి. నది అవతల హ్యాండ్‌బ్రిడ్జ్, తూర్పున బాటన్ అటువంటివే.

గోడ లోపల ఎక్కువగా ఉన్నవారు, వ్యాపారులు ఉండేవారు. కూలినాలి చేసుకునేవారు చాలామంది బయటి పేటల్లో ఉండేవారు. అక్కడి ఇళ్ళు చిన్నవి, గాలి ఆడనివి. ఒక్కొక్క గదిలో ఎంతోమంది. ఉతికిన బట్ట మార్చుకుందామంటే రెండో బట్ట ఉండేది కాదు. తిండి కూడా అంతంత మాత్రమే. ఒకే ఊరు, ఒకే నది, ఒకే చలి. అయినా గోడ లోపలికంటే గోడ బయట జబ్బులూ చావులూ ఎక్కువ.

“ఎక్కువ” అని అందరికీ తెలుసు. కాని ఎంత ఎక్కువ? ఏ జబ్బు వల్ల? ఏ వయసువారిలో? ఇవి ఎవరూ అడగలేదు. హేగార్త్ అడిగాడు.

ఆయన 1740లో యార్క్‌షైర్‌లోని ఒక కొండ పల్లెలో పుట్టాడు. కేంబ్రిడ్జిలోనూ ఎడింబరోలోనూ చదివాడు. చిన్నప్పటినుంచి లెక్కలంటే ఇష్టం. 1760 దశకంలో చెస్టర్ ఆసుపత్రిలో వైద్యుడుగా చేరి, ముప్పై ఏళ్ళు అక్కడే పనిచేశాడు. ఆ ఆసుపత్రి బీదవారికి ఉచితంగా వైద్యం చేసేది. అందువల్ల పేటల్లోని గుడిసెల సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో జనన మరణాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం లేదు. బాప్తిస్మాలూ సమాధులూ చర్చి పుస్తకాల్లో రాసేవారు. అందులో పేరు, తేదీ ఉంటే ఉన్నట్లు. హేగార్త్ ఒక పట్టిక తయారుచేశాడు. చనిపోయినది మగవారా ఆడవారా, వయసెంత, ఏ నెలలో, ఏ జబ్బుతో అన్న గళ్ళు అందులో ఉన్నాయి. చెస్టర్ చర్చిల్లో 1772 నుంచి ఆ ప్రకారం వివరాలు సేకరించి, ఆ లెక్కలను లండన్‌లోని రాయల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించాడు.

1774

రెండేళ్ళకే ఆ పట్టికకు పెద్ద పని తగిలింది. 1774లో చెస్టర్‌లో మశూచి చెలరేగింది.

మశూచి అంటే ఏమిటో మీకు తెలియదు. తెలియకపోవడం మీ అదృష్టం. మన పల్లెల్లో దాన్ని పెద్దమ్మవారు అనేవారు. “అమ్మవారు పోసింది” అని గుమ్మానికి వేపమండలు కట్టేవారు. మొదట రెండు మూడు రోజులు తీవ్రమైన జ్వరం, నడుం నొప్పి. తర్వాత ముఖం మీద, చేతుల మీద, కాళ్ళ మీద పొక్కులు. వాటిలో చీము పట్టి, తర్వాత ఎండి, చెక్కులు కట్టి రాలిపోయేవి. బతికినవారికి ముఖం నిండా గుంటలు. కొందరికి కళ్ళు పోయేవి.

మహమ్మారి తగ్గుముఖం పట్టాక హేగార్త్ గోడ లోపల, గోడ బయట, ఇంటింటి లెక్క తీయించాడు. ఇంట్లో ఎందరున్నారు, పిల్లలెందరు, ముసలివారెందరు, ఈ ఏడు మశూచి ఎవరెవరికి వచ్చింది, ఎవరు పోయారు, ఇంతవరకు మశూచి అసలు రానివారు ఎందరు అని అడిగించాడు. ఆఖరి ప్రశ్న చూడండి. వైద్యుడు సాధారణంగా జబ్బు చేసినవారిని లెక్కపెడతాడు. హేగార్త్ జబ్బు చేయనివారిని కూడా లెక్కపెట్టాడు. ఆయన తెలివి అక్కడ ఉంది.

వచ్చిన జవాబులు ఇవి:

ఊరి మొత్తం జనాభా 14,713.
ఆ ఏడు మశూచి సోకినవారు 1,385.
వారిలో మరణించినవారు 202.
అప్పటికీ మశూచి రానివారు 1,060.

చనిపోయిన ఆ 202 మందిలో పదేళ్ళు దాటినవారు ఒక్కరు కూడా లేరు. అందరూ పిల్లలే.

సోకిన ప్రతి ఏడుగురిలో సుమారు ఒకరు చనిపోయారన్నమాట. మీ తరగతిలో మొదటి బెంచీ నుంచి ఏడుగురిని లెక్కపెట్టి చూడండి. అప్పుడు ఆ అంకె బరువు తెలుస్తుంది.

పెద్దవారెందుకు చావలేదు?

మశూచి పిల్లలను మాత్రమే పట్టే జబ్బా? కాదు. ఎప్పుడూ సోకనివారు ఎనభై ఏళ్ళవారైనా దానికి లొంగిపోతారు. కాని ఒకసారి వచ్చి బతికినవారికి జీవితంలో మళ్ళీ వచ్చేది చాలా అరుదు. చెస్టర్ వంటి పట్టణంలో ఈ జబ్బు కొన్నేళ్ళకొకసారి వచ్చిపోతూనే ఉండేది. పెద్దవారంతా తమ చిన్నతనంలోనే ఆ గండం దాటినవారు. దాటలేనివారు పెద్దవారు కాలేదు. అందుకని ప్రతిసారీ అది పోయినసారి తర్వాత పుట్టిన పిల్లల మీదనే పడేది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. పలక అక్కరలేదు, నోటితోనే చేయవచ్చు.

1774లో సోకినవారు 1,385, ఇంకా సోకనివారు 1,060. ఈ రెండూ కలిపితే 2,445. అంటే మహమ్మారి మొదలయ్యేసరికి ఊరిలో సుమారు ఆరుగురికి ఒకరు జబ్బు తగలగలవారు. మిగిలిన అయిదుగురూ పాతవారు, భయం లేనివారు. మహమ్మారి ముగిసేసరికి తగలగలవారు 1,060 మంది. 14,713ను 1,060తో భాగించండి. సుమారు 14. అంటే పద్నాలుగురిలో ఒకరు.

ఒక రోగి జబ్బు రోజుల్లో పన్నెండుమందికి బాగా దగ్గరగా మెలిగాడనుకుందాం. పన్నెండు అనేది లెక్క సులువుగా ఉండడానికి నేను తీసుకున్న అంకె మాత్రమే. మొదట్లో ఆరుగురిలో ఒకరు తగలగలవారు కనుక ఆ పన్నెండుమందిలో ఇద్దరికి సోకుతుంది. ఆ ఇద్దరి నుంచి నలుగురికి, నలుగురి నుంచి ఎనిమిదిమందికి, తర్వాత పదహారు, ముప్పైరెండు. అలా జబ్బు ఊరంతా అల్లుకుంటుంది.

చివరిలో ఏమయింది? పద్నాలుగురిలో ఒకరే మిగిలారు. రోగి పన్నెండుమందిని కలిస్తే సగటున ఒక్కరు కూడా దొరకరు. దీపం నుంచి దీపం వెలిగించుకుంటూ పోతున్న జబ్బుకు పక్కన వత్తి ఉన్న ప్రమిద దొరకలేదు. గొలుసు తెగింది. సోకడానికి వీలున్న పిల్లలు ఊళ్ళో ఇంకా 1,060 మంది ఉండగానే మహమ్మారి ఆగిపోయింది!

చుట్టూ ఉన్నవారికి రక్షణ ఉంటే రక్షణ లేనివారు కూడా తప్పించుకుంటారని ఈ లెక్క చెబుతోంది. ఈనాడు దీన్ని సామూహిక రోగనిరోధకత అంటున్నాం. అయితే చెస్టర్ ఆ రక్షణను ఎంత వెలపెట్టి కొన్నదో మరిచిపోకూడదు. 202 చిన్న సమాధులు. పైగా అది నిలిచే రక్షణ కాదు. ఏటేటా కొత్తగా పిల్లలు పుడతారు, తగలగలవారి సంఖ్య మళ్ళీ పెరుగుతుంది, కొన్నేళ్ళకు మళ్ళీ అదే కథ.

ఇరవైలో ఒకరు

“మశూచి గాలిలో వస్తుంది. గాలిని ఎవరు ఆపగలరు?” ఇదీ ఆనాటి చాలామంది మాట. పేటల్లోని తల్లులు మరో మాట కూడా అనేవారు: “ఎప్పటికైనా రాక తప్పదు, చిన్నప్పుడే వచ్చిపోతే మంచిది.” జబ్బు చేసిన పిల్లలు పొక్కులతోనే వీధిలో ఆడుకునేవారు. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చి పరుపు మీద కూర్చునేవారు.

నిజంగానే అది గాలిలో చాలా దూరం పోతుందా? హేగార్త్ దీనికి జవాబును సంభావ్యత లెక్కలతో వెతికాడు.

ఎంత దగ్గరగా మెలిగినా మశూచి సోకనివారు కొందరు ఉంటారు. అటువంటివారు ఇరవైమందిలో ఒకరు ఉంటారని ఆయన అనుభవం మీద అంచనా వేశాడు. రోగి దగ్గరకు వెళ్ళిన ఒక బిడ్డకు జబ్బు రాలేదంటే అది ఆ ఇరవైలో ఒక అవకాశం కావచ్చు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, ఇద్దరికీ రాలేదు. అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం ఎంత? ఇరవైని ఇరవైతో హెచ్చించండి. 400లో ఒకటి. ముగ్గురికీ రాకపోతే? 8,000లో ఒకటి.

ఇప్పుడు ఆలోచించండి. రోగి ఉన్న ఇంటికి కాస్త ఎడంగా ఉన్న ఇంట్లో ముగ్గురు పిల్లలు. ముగ్గురూ తగలగలవారే. ఒకరికీ రాలేదు. 8,000లో ఒక వంతు అదృష్టమని నమ్ముతారా, లేక జబ్బు అసలు అంతదూరం చేరనే లేదని నమ్ముతారా? హేగార్త్ రెండోదే నమ్మాడు. అటువంటి ఇళ్ళు ఒకటి కాదు, ఎన్నో కనిపించాయి. కనుక మశూచి విషం గాలిలో ఊళ్ళకు ఊళ్ళు ఎగిరిపోదు, రోగికి దగ్గరగా వెళ్ళినవారికీ, రోగి చీము, ఉమ్మి అంటిన వస్తువులను తాకినవారికీ మాత్రమే సోకుతుంది అని తేల్చాడు.

ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. ఒకే తల్లి బిడ్డల శరీరతత్వం ఒకే విధంగా ఉండవచ్చు. ఒకరికి సహజ రక్షణ ఉంటే రెండోవారికి కూడా ఉండే అవకాశం హెచ్చు. కాబట్టి ఇరవైని ఇరవైతో ఊరికే హెచ్చించడం పూర్తిగా సరి కాదు. ఆయనకు వైరస్ సంగతి కూడా తెలియదు. జబ్బు విషం ఉప్పు నీటిలో కరిగినట్లు గాలిలో కరుగుతుందనీ, పలచబడితే దాని బలం పోతుందనీ అనుకున్నాడు. కారణం తప్పు. కాని ఆచరణకు కావలసిన ఫలితం చాలావరకు సరైనదే. మశూచి ముఖ్యంగా ముఖాముఖి దగ్గరగా మెలగడం వల్లనే పాకుతుందని తర్వాతి శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

దూరం కొంచెమే అయితే దాన్ని ఆపవచ్చు! ఆనాటికి అది చాలా కొత్త ఆశ.

నియమాలు, బహుమతులు

1778లో హేగార్త్, ఆయన మిత్రులు కలిసి చెస్టర్‌లో మశూచి నివారణ సంఘం పెట్టారు. సంఘం ముఖ్యంగా రెండు పనులు తలపెట్టింది.

ఒకటి, బీద పిల్లలందరికీ ఒకే సమయంలో మశూచి అంటించడం. ఇదేమిటి, జబ్బును అంటించడమా అని ఆశ్చర్యపోకండి. జెన్నర్ టీకాకు ముందు ఉన్న పద్ధతి ఇదే. తేలికగా వచ్చిన రోగి పొక్కు నుంచి కొంచెం రసం తీసి, ఆరోగ్యవంతుని చేతిమీద చిన్న గీటు పెట్టి అందులో ఎక్కిస్తారు. అతనికి సాధారణంగా తేలికపాటి మశూచి వచ్చి తగ్గిపోతుంది, జీవితాంతం రక్షణ ఉంటుంది. మన దేశంలో బెంగాలులో టీకాదార్లు ఈ పనిని చాలాకాలంగా చేస్తుండేవారు. 1767లో ఒక ఆంగ్లేయ వైద్యుడు ఆ సంగతిని ఇంగ్లండులో పుస్తకంగా ప్రకటించాడు. అయితే ఈ పద్ధతిలో రెండు ప్రమాదాలు ఉన్నాయి. కొద్దిమంది చనిపోయేవారు. అంతేగాక, అంటించుకున్నవారి నుంచి ఇతరులకు అసలైన మశూచి సోకేది. అందుకే ఒక్కొక్కరికి కాక అందరికీ ఒకేసారి చేయాలన్నారు.

రెండో పని ఇంతకంటే ముఖ్యమైనది. ఏ ఇంట్లో మశూచి వచ్చినా సంఘానికి తెలియాలి. వెంటనే ఆ ఇంటికి అచ్చువేసిన నియమాల కాగితం అందాలి. వాటి సారాంశం ఇది:

మశూచి రానివారెవరినీ ఆ ఇంట్లోకి రానివ్వకూడదు.

పొక్కులు పైకి వచ్చిన రోగి వీధిలోకి గానీ నలుగురు తిరిగే చోటికి గానీ పోకూడదు. గదిలోకి ఎప్పుడూ మంచిగాలి రావాలి.

రోగి తాకిన బట్ట, పాత్ర, తిండి, నాణెం, ఆఖరికి పెంపుడు కుక్కా పిల్లీ కూడా కడగకుండా, గాలి తగలకుండా బయటికి పోకూడదు. మురికి బట్టలను పెట్టెలో మూయక వెంటనే నీళ్ళలో వేయాలి. సేవ చేసేవారు చేతులు కడుక్కోకుండా ఇంకొక ఇంటికి పోయే వస్తువును ముట్టుకోకూడదు.

చెక్కులన్నీ రాలి, గదీ బట్టలూ రోగి ఒళ్ళూ శుభ్రం చేసేదాకా రోగి ఇతర పిల్లల దగ్గరకు వెళ్ళకూడదు.

ఈ నియమాలు సరిగా నడుస్తున్నాయో లేదో చూడటానికి ఒక పరిశీలకుడు ఇంటింటికీ వెళ్ళేవాడు. నియమాలు తప్పని బీద కుటుంబానికి సంఘం డబ్బు బహుమతి ఇచ్చేది.

డబ్బెందుకు? ఇది ముఖ్యమైన ప్రశ్న. రోజు కూలితో బతికే ఇంటిలో జబ్బును దాచడానికి కారణం దుర్మార్గం కాదు, ఆకలి. ఇంట్లో మశూచి ఉందని తెలిస్తే పనికి పిలవరు. బట్టలు ఉతకాలంటే సబ్బు కావాలి, రోగికి కాపలా ఉండాలంటే ఒకరు పని మానాలి. నిజం చెప్పినవాడు నష్టపోతే నిజం బయటికి రాదు. అందుకే నిజం చెప్పినవారికి లాభం ఉండాలన్నారు.

నేను నేర్చుకున్న పాఠం

ఈ మాట రాస్తూ ఉంటే నా తప్పు ఒకటి గుర్తుకు వస్తున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను హాజరు విషయంలో చాలా కఠినంగా ఉండేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి పది రోజులు రాకపోతే, వచ్చిన రోజున తరగతి ముందు నిలబెట్టి చీవాట్లు పెట్టాను. పాపం, వాడికి ఆటలమ్మ పోసింది. చెప్పడానికి సిగ్గుపడ్డాడు. వాడి తమ్ముడు ఆరో తరగతి. తర్వాత పదిహేను రోజులకు వాడికి జ్వరం వచ్చింది. అన్నకు జరిగిన మర్యాద చూశాడు కదా, జ్వరంతోనే బడికి వచ్చాడు. ఒంటిమీద పొక్కులు చొక్కా కింద దాచుకున్నాడు. మరి రెండు వారాలకు ఆరో తరగతిలో సగం బెంచీలు ఖాళీ.

అప్పుడు హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఎవరు ఏ తేదీన మానారో గీతలు గీశాను. అన్న, తమ్ముడు, తమ్ముడి బెంచీవాళ్ళు, వాళ్ళ చెల్లెళ్ళు. అంతా ఒక చెట్టు కొమ్మల్లా కనిపించింది. ఆ చెట్టుకు నీళ్ళు పోసినది నా చీవాట్లే. పిల్లల్లో ఒకరికీ ప్రమాదం కాకపోవడం నా అదృష్టం. ఆ తర్వాత నా తరగతిలో “ఒంట్లో బాగాలేదు మాస్టారూ” అన్నవారిని నేను ఏనాడూ కోప్పడలేదు.

ఆటలమ్మను ఆపడం మశూచిని ఆపడం కంటే కష్టమని కూడా అప్పుడే పుస్తకాలు చూసి తెలుసుకున్నాను. ఆటలమ్మ, తట్టు ఒంటిమీద కనిపించడానికి ముందే ఇతరులకు అంటడం మొదలుపెడతాయి. మశూచి సోకిన తర్వాత సుమారు రెండు వారాలు రోగిలో ఏ గుర్తూ ఉండదు, ఆ రోజుల్లో అది ఇతరులకు అంటదు కూడా. పొక్కులు పైకి వచ్చాక బాగా అంటుతుంది. అప్పుడు చూసినవారెవరైనా గుర్తుపట్టగలరు. పైగా మశూచి మనుషులకే వస్తుంది, జంతువులలో దాగదు. దాచుకోలేని దొంగను పట్టుకోవడం సులువు కదా!

సగం విజయం

మరి చెస్టర్‌లో మశూచి పోయిందా? పోలేదు. నియమాలు పాటించినచోట జబ్బు పక్క ఇంటికి పాకకుండా ఆగుతుందని హేగార్త్ చూపగలిగాడు. కాని పేటల్లోని చాలామంది తల్లులు ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు చేతులారా జబ్బు అంటించడానికి ఒప్పుకోలేదు. వారిని తెలివితక్కువవారని అనలేం. ఆ పద్ధతిలో ప్రాణాపాయం కొంత ఉన్నమాట నిజమే. సహజంగా వచ్చేదానిలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ అని అంకెలు చెప్పాయి. కాని తల్లికి ఉన్నది అంకె కాదు, ఒక్క బిడ్డ. కొన్నేళ్ళకే సంఘం పని ఆగిపోయింది.

హేగార్త్ మాత్రం వదలలేదు. 1784లో మశూచి నివారణ మీద పుస్తకం ప్రకటించాడు. 1793లో ఇంకా పెద్ద ఊహ చేశాడు. మొత్తం గ్రేట్ బ్రిటన్ నుంచే మశూచిని నిర్మూలించే పథకం ఒకటి రాశాడు. దేశాన్ని చిన్న చిన్న విభాగాలుగా చేసి ఒక్కొక్కదానికి పరిశీలకుణ్ణి నియమించాలి, ప్రతి రోగి వివరం పైకి తెలియాలి, నియమాలు పాటిస్తే బహుమతి, తప్పితే జరిమానా. ఇదంతా పార్లమెంటు చట్టం ద్వారా జరగాలి. ఒకరి ఇంట్లో విషయాల్లో ప్రభుత్వం ఇంతగా కలుగజేసుకోవచ్చా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. ఈనాటికీ అది సులభమైన ప్రశ్న కాదు. పథకం కాగితం మీదనే ఉండిపోయింది. మూడేళ్ళకు జెన్నర్ టీకా వచ్చింది. అది ఇతరులకు మశూచి అంటించదు. హేగార్త్ దాన్ని సంతోషంగా సమర్థించాడు. 1827లో, ఎనభై ఏడేళ్ళ వయసులో ఆయన చనిపోయాడు.

ఆ పథకానికి మళ్ళీ ప్రాణం

1966 చివరలో నైజీరియా తూర్పు ప్రాంతంలో మశూచి వచ్చింది. అందరికీ వేయడానికి చాలినంత టీకా మందు లేదు. అక్కడ పనిచేస్తున్న విలియం ఫేగీ అనే అమెరికన్ వైద్యుడు పటం ముందు పెట్టుకుని, ఏ ఊళ్ళో రోగులున్నారో రేడియో ద్వారా కనుక్కుని, రోగుల చుట్టూ ఉన్నవారికే టీకాలు వేయించాడు. గొలుసు తెగింది. రోగిని వెతుకు, చుట్టూ కంచె వేయి. టీకా ఒక్కటే కొత్తది, ఆలోచన హేగార్త్‌దే.

మన దేశంలో కూడా 1973 నుంచి ఇదే పద్ధతిని ముమ్మరంగా అమలు చేశారు. లక్షకు పైగా కార్యకర్తలు మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న కార్డు చేతపట్టుకుని ఇంటింటికీ తిరిగారు. “ఇటువంటి జబ్బు ఎక్కడైనా చూశారా?” అని అడిగారు. రోగి ఉన్న ఇంటి గుమ్మం దగ్గర కాపలా పెట్టారు. రోగి జాడ చెప్పినవారికి డబ్బు బహుమతి ప్రకటించారు. చివరి రోజుల్లో అది వెయ్యి రూపాయలకు పెరిగింది. చెస్టర్ సంఘం కాగితంలోని నియమాలు మీకు గుర్తున్నాయా? పోల్చి చూడండి.

1975 మే నెలలో మన దేశంలో చివరి మశూచి రోగిని గుర్తించారు. 1977 అక్టోబరులో సోమాలియాలో ఒక ఆసుపత్రి వంటవాడికి వచ్చినది సహజంగా సోకిన మశూచిలో ప్రపంచంలోనే చివరిది. 1978లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ప్రయోగశాల వైరస్‌తో ఒకరు చనిపోయారు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి నిర్మూలన పూర్తయినట్లు ప్రకటించింది. ఈనాడు ఆ వైరస్ అమెరికాలో ఒకటి, రష్యాలో ఒకటి, రెండే రెండు ప్రయోగశాలల్లో అధికారికంగా భద్రపరచి ఉంది.

ఇంతకూ నా చేతిమీది మచ్చ ఏమిటంటే, పూర్తయిపోయిన ఒక పెద్ద లెక్క కింద గీసిన గీత. ఆ లెక్కలో మొదటి అంకెల్లో 202 ఒకటి. హేగార్త్ ఆ పిల్లలను బతికించలేకపోయాడు. కాని వారిని లెక్కలోనుంచి జారిపోనివ్వలేదు.

మీరు చేసి చూడండి

1. ఒక ఊళ్ళో ముగ్గురికి ఒకరు జబ్బు తగలగలవారు. రోగి పన్నెండుమందిని దగ్గరగా కలుస్తాడు. ఒక్కొక్కరి నుంచి ఎందరికి సోకుతుంది? మూడో అంచెకు రోగులెందరు? ఎంతమందికి టీకా వేస్తే గొలుసు తెగుతుంది?

2. రెండు పాచికలు ఒకేసారి వేయండి. రెండింటిలోనూ ‘ఒకటి’ పడే అవకాశం 36లో ఒకటి. 180 సార్లు వేసి ఎన్నిసార్లు పడిందో రాసుకోండి. హేగార్త్ చేసిన హెచ్చవేత ఎందుకో మీకే తెలుస్తుంది.

3. మీ తాతయ్యనూ నాయనమ్మనూ మశూచి గురించి అడగండి. వారి చేతిమీద టీకా మచ్చ ఉందేమో చూడండి. వారు చెప్పినదాన్ని తేదీ వేసి నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. అడిగి రాసుకోవడంతోనే హేగార్త్ కూడా మొదలుపెట్టాడు.